ముప్ఫై ఆరు తెల్లగుడ్డలు

గుడ్డలన్నీ మంచం మీద వరసగా పరుచుకుని, మా అమ్మాయి వాటి ముందు నేలమీద కూర్చుని అరగంటైంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండును, ఓదార్చడం నాకు వచ్చిన పని. ఊరికే చూస్తూ కూర్చున్న పిల్లని ఏం చెయ్యాలో ఏ తల్లికి మాత్రం తెలుసు.

ముప్ఫై ఆరు గుడ్డలు, ముప్ఫై ఆరిళ్ళవి. జానెడు పొడుగు, జానెడు వెడల్పు. నెల్లాళ్ళపాటు ముప్ఫై ఆరు గుమ్మాల ముందు వేలాడినవి. ఒక్కదానిమీదైనా చిటికెడు దుమ్ము లేదు.

మా వీధి సిమెంటు ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని ఉంటుంది. పొద్దున తలకి నూనె రాసుకుని బయట నిలబడితే సాయంత్రానికి జుట్టు నెరిసిపోతుందని ఇక్కడివాళ్ళ వేళాకోళం. అలాంటి చోట నెల్లాళ్ళు వేలాడిన గుడ్డలు బీరువాలోంచి ఇప్పుడే తీసినట్టున్నాయి. ఒకదానికైతే గంజి పెట్టి ఇస్త్రీ కూడా చేసి ఉంది. ఇంకోదానికి అంచు చుట్టూ నీలం దారంతో కుట్టిన పువ్వులు.

"నా పెళ్ళినాటి దుప్పటి కూడా ఇంత తెల్లగా ఉండేది కాదు," అంది అత్తయ్య మూల కుర్చీలోంచి.

ఆవిడకి ఎనభై రెండేళ్ళు. కళ్ళు ఆనడం లేదంటుంది గానీ, చూడకపోతే బాగుండుననుకున్నవన్నీ ఆవిడకి చక్కగా ఆనుతాయి. ఊరుకోండత్తయ్యా అని సైగ చేశాను. ఆ సైగ మాత్రం ఆవిడకి ఆనలేదు.

మా ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. ఆ వారం ఆయనకి రెండో షిఫ్టు. అద్దంలోంచి ఒకసారి మంచం వైపు చూశారు, మళ్ళీ చెంప మీద నురగ వైపు చూసుకున్నారు. మా కాపురంలో ముప్ఫై ఏళ్ళుగా పెద్ద విషయాలన్నీ ఆయన మాట్లాడకుండానే జరిగిపోయాయి.

నేను మాత్రం రోజులు లెక్కపెట్టుకున్నాను. ఎల్లుండి దాని చదువు చూసే మేడంగారు వస్తున్నారు.

మా అమ్మాయి చదువు గురించి నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. దుమ్ము ఎంత పడుతోందో కొలిచేందుకు మిషన్లున్నాయి, కొలిచేవాళ్ళు వేరే ఉన్నారు. దీని చదువు దుమ్ము గురించి కాదు, దుమ్ములో ఉండే మనుషుల గురించి. పొగ పక్కన, మురుగు పక్కన, ఇలాంటి ఫ్యాక్టరీ పక్కన జనం ఎలా బతుకుతారు, దాని గురించి ఏం అంటారు, ఏం అనకుండా ఊరుకుంటారు, ఎందుకు ఊరుకుంటారు. దానికో పెద్ద పేరుంది, నాకు నోరు తిరగదు. ఎవరైనా అడిగితే 'సమాజం మీద చేస్తోంది' అంటాను. 'ఏం చేస్తోంది?' అంటారు వాళ్ళు. ఏడో తరగతితో ఆపేసిన నా చదువు అక్కడ మళ్ళీ ఆగుతుంది.

ఇంతకుముందు రెండుసార్లు ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. రెండుసార్లూ వీధి వీధంతా ఒకే జవాబు చెప్పింది. మాకేం ఇబ్బంది లేదమ్మా, అని. ఇంటిముందు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ చెప్పారు. ఆ జవాబులు చూసి మేడంగారు, ఇందులో సరుకు లేదు, మూడోసారి కూడా ఇంతే అయితే నీ సీటు వెనకాల ఎదురుచూస్తున్న పిల్లకి ఇవ్వాల్సి వస్తుంది అన్నారట. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ మంచివాళ్ళు చెప్పిన మాటకే నాకు ఎక్కువ భయం, వాళ్ళు చెప్పింది చేస్తారు.

అప్పుడు మా అమ్మాయి ఈ గుడ్డల ఉపాయం కనిపెట్టింది. నెల తర్వాత ఎవరి గుడ్డ వాళ్ళ ఎదురుగా పెట్టి, ఇది మీ గుమ్మం ముందుది, దీని గురించి చెప్పండి అంటే, మనిషిని అడిగితే రాని మాట గుడ్డని చూస్తే వస్తుందని దాని ఆశ. ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పింది, ఉతక్కండి, దులపకండి, ఎలా ఉంటే అలా ఇవ్వండి అని. అందరూ తలలూపారు. ఆఖరి వారం దానికి తరగతులుండి ఊరెళ్ళాల్సి వచ్చింది. గుడ్డలు తీసుకునే పని నామీద పెట్టింది. ఇవాళ పొద్దున బస్సు దిగి సంచి విప్పింది.

"అమ్మా," అంది చివరికి, తల తిప్పకుండానే. "ఇవి ఇలా ఎలా అయ్యాయి?"

"వాన పడిందేమో," అన్నాను.

ఒక గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "సబ్బు వాసనొస్తోంది."

"ఈమధ్య వానలో సబ్బు కూడా కలుస్తోంది కాబోలు," అంది అత్తయ్య. "కాలుష్యం."

వాన పడలేదని నాకు తెలుసు. ఆ వాసన ఏ సబ్బుదో కూడా తెలుసు. ఎందుకంటే ఆ ముప్ఫై ఆరింటిలో మొట్టమొదట ఉతికిన గుడ్డ మాది. ఉతికింది నేను.

*

ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే ఎవరో పోయారనుకునే మనిషిని నేను. అలాంటిదాన్ని, చేతులారా పిల్ల చదువు మీదే సబ్బు రుద్దానని తెలిశాక నా పరిస్థితి ఏం చెప్పను. దాని సీటు పోవడం, అది అన్నం మానెయ్యడం, చిక్కిపోవడం, జబ్బు పడడం, ఆసుపత్రి వరండాలో నేను బల్లమీద కూర్చుని ఉండడం, ఇవన్నీ పొయ్యి మీద టీ మరిగేలోపు నా కళ్ళముందు జరిగిపోయాయి. టీ పొంగిపోయింది కూడా.

అది టీ తాగలేదు. నోటుపుస్తకం తీసుకుని చెప్పులేసుకుంది. ఎక్కడికే అంటే, అడగడానికి అంది. వీధిలోవాళ్ళతో పోట్లాడుతుందేమోనని నేనూ వెనకే బయల్దేరాను. నేను పక్కనుంటే పోట్లాట ఆగుతుందని కాదు. జరిగేది దూరంనుంచి ఊహించుకోవడం నాకు ఇంకా కష్టం.

ముందు టైలరమ్మ ఇల్లు. గుడ్డలు కత్తిరించి ఇచ్చింది ఆవిడే. మిషను తొక్కడం ఆపకుండానే అంతా చెప్పింది. తప్పేముందమ్మా, నేను నలుగురి బట్టలు కుట్టేదాన్ని, నా గుమ్మంలోంచి మసిపట్టిన గుడ్డ వెళ్ళి పెద్ద చదువులవాళ్ళ బల్లమీద కూర్చుంటే రేపు నా చేతికి రవికగుడ్డ ఎవరిస్తారు, అంది. నీలం పువ్వులు కుట్టింది కూడా ఆవిడేనట. ఖాళీగా ఉంటే బోసిగా కనిపించిందట.

తర్వాత ఇస్త్రీబండి ఆవిడ. ఆవిడ నొచ్చుకుంది. నలిగిన గుడ్డ తన చేతిలోంచి బయటికి వెళ్ళడం ఇరవై ఏళ్ళలో జరగలేదంది. ఉతకొద్దన్నావు గానీ ఇస్త్రీ చెయ్యొద్దని చెప్పావా తల్లీ, అని ఎదురడిగింది. మా అమ్మాయి ఆలోచించి, చెప్పలేదని ఒప్పుకుంది.

మూడో ఇల్లు బస్సు కండక్టరుది. భర్త డ్యూటీలో ఉన్నాడు, భార్య చీపురుతో ఉంది. మేం గుమ్మంలో నిలబడ్డంతసేపూ మా కాళ్ళ చుట్టూ ఊడుస్తూనే మాట్లాడింది.

"మా ఇంట్లో దుమ్మెక్కడుందమ్మా? రోజుకి నాలుగుసార్లు ఊడుస్తానుగా."

మా అమ్మాయి రాసుకుంటున్న చెయ్యి ఆగింది. మళ్ళీ ఒకసారి చెప్పమంది. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి కొంచెం గర్వంగా.

గండం గడిచిందనుకుంటున్నాను. వీధి చివరికి వచ్చేశాం, నా పేరు బయటికి రాలేదు. సరిగ్గా అప్పుడు టైలరమ్మ వెనకనుంచి కేకేసి, మరిచిపోయాను అంటూ పరుగెత్తుకొచ్చింది. కోపం పెట్టుకోకమ్మా అని మా అమ్మాయి గడ్డం పట్టుకుంది.

"మాకేం తెలుసు? మీ అమ్మ గుడ్డ తెల్లగా ఉతికి ఉండడం చూశాం. చదువుకునే పిల్ల తల్లే అలా ఇస్తుంటే, అలాగే ఇవ్వాలి కాబోలనుకున్నాం. కదా వదినా?"

నేను ఫ్యాక్టరీ గోడ వైపు చూశాను. మీద ఏదో కాకి ఉంది, దాన్ని చూశాను.

*

ఇంటికి వచ్చే దారిలో నాలుగిళ్ళ దూరం అది ముందు, నేను వెనక నడిచాం. నాకు నలభై గజాలు నాలుగు మైళ్ళయింది. తిడితే బాగుండును. చిన్నప్పటినుంచి కోపం వస్తే గట్టిగా అరిచే పిల్ల. ఈ పెద్ద చదువు మొదలుపెట్టాక ఆలోచించడం నేర్చుకుంది. ఇంట్లోవాళ్ళకి అది ఇంకా ఇబ్బంది.

"ముప్ఫై ఆరుమంది," అంది ఉన్నట్టుండి. "ఒక్కళ్ళూ కూడబలుక్కోకుండా ఒకే పని చేశారంటే..."

"కూడబలుక్కోలేదని ఎవరన్నారు?" అన్నాను. ఎలాగూ మునిగాక చలేమిటి. "మొదటిరోజు టైలరమ్మ మాది చూసింది. మర్నాడు కుళాయి దగ్గర అందరికీ చెప్పింది. కండక్టరు పెళ్ళాం ఏ సబ్బయితే గుడ్డ చిరగదో అడిగింది. ఇద్దరు ముగ్గురికి నేనే ఉతికిపెట్టాను, మోకాళ్ళ నొప్పులని."

అది రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత కడుపు పట్టుకుని. పాలవాడు సైకిలు దిగి పక్కనుంచి నడిపించుకుపోయాడు. పిచ్చెక్కిందేమోనని నేను దాని నుదురు ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది.

తర్వాత నాకు వివరంగా చెప్పింది. నేను కొంత అర్థం చేసుకున్నాను. ఇన్నాళ్ళూ అది జనాన్ని అడిగింది దుమ్ము గురించి. వాళ్ళ దగ్గర ఉన్నది తుడవడం గురించి. ఇబ్బంది ఉందా అంటే లేదంటారు, ఎందుకంటే ఇబ్బందిని వాళ్ళు రోజూ తెల్లారకముందే ఊడ్చేస్తున్నారు. మురికి గుడ్డ ఇచ్చి ఉంటే అందులో దుమ్ము ఒక్కటే ఉండేది. ఉతికి ఇచ్చిన గుడ్డలో ఈ వీధి మొత్తం ఉంది, అంది.

ఆ మాట నాకు చాలా నచ్చింది. నాలుగుసార్లు లోపల అనుకున్నాను, మరిచిపోకుండా.

ఆ మర్నాడంతా అది మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి నన్ను వెంట రమ్మంది. దుమ్ము ఊసెత్తలేదు. గుడ్డ ఎలా ఉతికారు, ఇల్లెలా తుడుస్తారు, బట్టలెక్కడ ఆరేస్తారు, ఇవే అడిగింది. అంతే, కట్ట తెగినట్టు మాట్లాడారు జనం. రెండో షిఫ్టు సైరన్‌కి ముందే తాడు మీది బట్టలు తీసెయ్యాలని ఒకావిడ. గాలి తూర్పుకి తిరిగితే కిటికీలకి తడి గోనెపట్టా కడతానని ఇంకో ఆవిడ. మూతలేని గిన్నె అంటూ మా ఇంట్లో లేదని, కొత్త కోడలికి ముందు నేర్పేది మూతలు వెయ్యడమేనని ఒక ముసలావిడ. ఇస్త్రీబండి ఆవిడైతే ఏ బట్ట ఏ గుమ్మానిదో కళ్ళు మూసుకుని తడిమి చెప్తానంది, గోడకి దగ్గరయ్యేకొద్దీ బట్ట గరుకు తేలుతుందట. నాకూ తెలియని సంగతులు. పాతికేళ్ళుగా పక్కపక్కనే ఉండి, ఎవరి దుమ్ము వాళ్ళం గుట్టుగా తుడుచుకుంటున్నాం.

సాయంత్రానికి దాని నోటుపుస్తకం నిండింది. అన్నం రెండుసార్లు వడ్డించుకుంది. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఇంత హాయి మంచిది కాదేమోనని భయం కూడా వేసింది.

*

మేడంగారు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చారు. సన్నగా, పొట్టి జుట్టుతో, భుజానికి బరువైన సంచీతో. నేను కుర్చీ తుడిచి వేశాను. ఆవిడ కూర్చునేలోపు మరోసారి తుడిచాను. మా అమ్మాయి నావైపు చూసి పెదవి బిగబట్టింది.

గంటన్నర సేపు అది చెప్పింది, ఆవిడ విన్నారు. గుడ్డలన్నీ ఒక్కొక్కటే చేత్తో తీసి చూశారు. నీలం పువ్వుల దాన్ని కాస్త ఎక్కువసేపు చూశారు. నేను వంటింటి తలుపు వెనక నిలబడి ఆవిడ కనుబొమలు గమనించాను. అవి ఒకసారి పైకి లేచాయి, మరోసారి దగ్గరకొచ్చాయి. ఏది మంచి శకునమో నాకు తెలియలేదు.

"బాగుంది," అన్నారు చివరికి. "ఇప్పుడు ఇందులో సరుకుంది."

మా అమ్మాయి భుజాలు దిగాయి. నేను తలుపు పట్టుకున్నాను.

అయితే ఒకటి తక్కువైందన్నారు ఆవిడ. ముప్ఫై అయిదుమందీ ఎందుకు ఉతికారో వాళ్ళ మాటల్లోనే ఉంది. వాళ్ళందరూ ఒకరిని చూసి ఉతికారు. ఆ ఒక్కరూ ఎవరినీ చూసి ఉతకలేదు. ఆవిడ ఎందుకు ఉతికిందో తెలియకపోతే ఇదంతా పునాది లేని గోడ. సొంత ఇల్లు కదా అని వదిలేశావా, అని అడిగారు మా అమ్మాయిని. అది తలదించుకుంది.

నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టారు. పేరు ఎక్కడా రాయరనీ, చెప్పాలనిపించకపోతే చెప్పక్కర్లేదనీ అన్నారు. మాట రికార్డు చేసే చిన్న పెట్టె బల్లమీద పెట్టి, దాని ఎర్ర దీపం వెలిగించారు.

మా ఆయన అప్పటికి బూట్లు వేసుకుని గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నారు. సైరన్‌కి ఇంకా పది నిమిషాలుంది.

సిగ్గేసిందండీ, అన్నాను. నలుగురిలో మురికి గుడ్డ ఎలా ఇస్తాం, ఏమనుకుంటారు అన్నాను. అందరూ చెప్పిందే కదా, నేనూ అదే చెప్పాను. మేడంగారు తలూపి రాసుకున్నారు.

"సిగ్గా?" అంది అత్తయ్య మూలనుంచి. "జడ వేసుకోకుండా వీధిలోకి వెళ్ళి ఉల్లిపాయల బండివాడితో అరగంట బేరమాడుతుంది ఇది. దీనికి సిగ్గా? ఇంకేదైనా చెప్పవే తల్లీ, నమ్మేలా."

మా అమ్మాయి నావైపు చూస్తోంది. అడగడం లేదు, ఊరికే చూస్తోంది. అబద్ధం చెప్పి దాని చదువుకి పునాది వెయ్యనా అనుకున్నాను. నిజం చెబితే ఎదురుగా ఆయన ఉన్నారు.

"ఆయన కోసం ఉతికాను," అన్నాను.

ఆయన పని ఫ్యాక్టరీలో సంచుల గది. పొగగొట్టంలోకి పోయే దుమ్ముని పట్టుకునేందుకు మనిషికన్నా పొడుగాటి గుడ్డసంచులు వందలకొద్దీ ఉంటాయి అక్కడ. వాటిని చూసుకోవడం, దులపడం, చిరిగితే మార్చడం ఆయనదీ, ఆయన కింది వాళ్ళదీ. దుమ్ము బయటికి రాకుండా ఆపే పని చేసే మనిషి ఇంటి ముందే, గుడ్డ బూడిదరంగుకి తిరిగింది. మొదటివారానికే తిరిగింది. రోజూ దాని పక్కనుంచే ఆయన డ్యూటీకి వెళ్తారు, వస్తారు. అది నాకు గుడ్డలా కనిపించలేదు. ఆయన పని సరిగ్గా చెయ్యడం లేదని ఎవరో రాసి మా గుమ్మానికి వేలాడదీసినట్టు కనిపించింది. అది వెళ్ళి పెద్దవాళ్ళ చేతుల్లో పడితే ఆయన్ని ఏమంటారో, ఉద్యోగం తీసేస్తారేమో, ఇంకా పదకొండు నెలల సర్వీసు ఉందే అని, పిల్ల ఊరెళ్ళిన రోజే నానబెట్టేశాను.

ఇదంతా నేను ఆ ఎర్ర దీపంతోనే చెప్పాను. ఆయన వైపు చూడలేదు.

చెప్పడం అయ్యాక ఆయన లేచి విసవిసా వెళ్ళిపోతారనుకున్నాను. లేదా, అందరి ముందూ నా పని గురించి మాట్లాడతావా అంటారనుకున్నాను. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ అననిది ఇవాళ అంటారేమోనని చేతులు ఒళ్ళో ముడుచుకున్నాను.

"అది ఉతక్కుండా ఉండాల్సింది నువ్వు," అన్నారు.

మెల్లగానే అన్నారు. కోపం లేదు. నాకు నమ్మకం కుదరక తలెత్తి చూశాను.

రెండేళ్ళుగా అడుగుతున్నారట ఆయన, కొత్త సంచులు కావాలని. షిఫ్టు పుస్తకంలో రాసి సంతకం పెడుతున్నారట. ఫలానా వరసలో ఇన్ని చిరిగాయి, మార్చాలి అని. ఉన్నవి కుట్టి వాడమని జవాబట. దబ్బనంతో అతుకులు వేస్తూ వస్తున్నారు. ఆయన వేళ్ళ కొసల మీద చిన్న చిన్న సూది గాట్లు నేను చూడకపోలేదు. చక్కెర జబ్బు వచ్చి, నాకు చెప్పకుండా రక్తపరీక్షలు చేయించుకుంటున్నారనుకుని నాలుగు నెలలుగా టీలో పంచదార తగ్గిస్తున్నానని పైకే అనేశాను.

"అందుకా టీ అలా ఉంటోంది," అన్నారు ఆయన. మేడంగారు నవ్వు దాచుకోలేకపోయారు.

తర్వాత ఆయన మా అమ్మాయితో మాట్లాడారు, మాతో కాదు.

"నేను అడిగినప్పుడల్లా పైవాళ్ళు ఒకే మాట అంటారమ్మా. గోడ పక్క వీధిలోంచి ఒక్క ఫిర్యాదు లేదు, వాళ్ళకి లేని బాధ నీకెందుకయ్యా అని. నీ గుడ్డలు చూశాక అనుకున్నాను, ఇవి తీసుకెళ్ళి వాళ్ళ బల్లమీద పెట్టొచ్చని. రోజూ వెళ్తూ వస్తూ చూసుకునేవాణ్ణి, ఎంత నల్లబడిందా అని. నల్లబడితే సంతోషంగా ఉండేది."

ఒకే గుడ్డని ఇద్దరం రోజూ చూశాం. నేను భయపడుతూ, ఆయన సంబరపడుతూ. ఒకరికొకరం ఒక్క ముక్క చెప్పుకోలేదు.

అప్పుడు కూసింది సైరన్.

పాతికేళ్ళుగా ఆ కూత వినగానే ఆయన ఎక్కడున్నా లేచి నిలబడతారు. జ్వరంలో పడుకున్నా కాళ్ళు కదులుతాయి. ఇవాళ అది కూసినంతసేపు కూర్చునే ఉన్నారు. ఆగాక వంగి, ఎడమకాలి బూటు ముడి విప్పి, బూటు తీసి స్టూలు కింద పెట్టారు.

"షిఫ్టు పుస్తకంలో ఏ తారీఖున ఏం రాశానో నాకు నోటికొచ్చు. చెప్తాను, రాసుకో," అన్నారు.

మేడంగారు ముందుకు వంగారు. ఆయనకీ అదే చెప్పారు, పేరు ఎక్కడా రాయరని, ఒక కార్మికుడు అని మాత్రమే ఉంటుందని.

"సంచుల గది మేస్త్రీని నేనొక్కణ్ణే," అన్నారు ఆయన. "ఒక కార్మికుడు అంటే ఎవరికి తెలియదు? దొంగచాటుగా ఎందుకు, పేరే రాయండి. ఆ పుస్తకంలో కూడా నా పేరుతోనే సంతకం పెట్టాను."

తన పేరు, ఇంటిపేరుతో సహా, నిదానంగా చెప్పారు. ఇంట్లో ఆ పేరు అంత పూర్తిగా ఎవరూ పలకగా నేను వినలేదు.

మా అమ్మాయి కలం కాగితం మీద ఆనించింది గానీ రాయలేదు. మూడేళ్ళుగా ఇలాంటి మాట ఒక్కటి, ఒకే ఒక్కటి దొరికితే చాలని తిరిగిన పిల్ల. దొరికింది, నాన్న నోట్లోంచి. కలం ఎత్తి నావైపు చూసింది. మేడంగారు కూడా చూశారు. మూలనుంచి అత్తయ్య కూడా, ఆనని కళ్ళతో.

వద్దంటే ఆగుతుందని నాకు తెలుసు. వద్దనడానికి నా దగ్గర వంద కారణాలున్నాయి, వంద కారణాలూ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. పదకొండు నెలలు. పైవాళ్ళు. రేపు గేటు దగ్గర ఏమంటారో. ఇప్పటికే ఆలస్యమైంది, ఎందుకు రాలేదని ఈపాటికి ఎవరో అడుగుతూనే ఉండి ఉంటారు.

ఆయన ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో, పరీక్షలో జవాబు తెలిసిన కుర్రాడిలా తీరుగ్గా కూర్చుని ఉన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని అంత తృప్తిగా నేను చూడలేదు.

"రెండో బూటు కూడా విప్పండి," అన్నాను. "కూర్చోవడం ఎలాగూ కూర్చున్నారు."